అది మూడో నంబరు మోటారు కాదు

ఒకేలాంటి మోటార్లు ఆరు ఉన్నాయనుకోండి. తయారీ ఒకటే, సామర్థ్యం ఒకటే, కాళ్ల బోల్టుల మధ్య దూరం కూడా ఒకటే. నాలుగు పనిలో ఉంటాయి, రెండు స్టోరులో ఉంటాయి. ఒకటి చెడితే స్టోరులోది తెచ్చి అక్కడ బిగిస్తారు. చెడింది బాగుపడి వచ్చి స్టోరులో కూర్చుంటుంది. రెండేళ్లు ఇలా తిరిగాక ఏ మోటారు ఎక్కడుందో, దేనికి ఏం జరిగిందో ఎవరూ నోటితో చెప్పలేరు. దాన్ని కంప్యూటరులో తప్పిపోకుండా పట్టుకోవడమే నా ఉద్యోగంలో చివరి భాగమంతా నా పని.

గోదావరికి దగ్గరలో ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ప్లానింగు చూసేవాణ్ణి. ఇప్పుడు ఆ సీట్లో ఉన్న పిల్లలు ఎక్కడైనా పెళ్లిలో కనబడితే, ఆ సాఫ్ట్‌వేర్‌ను మొదట పట్టాలెక్కించింది మీరేనట కదా సార్ అని మర్యాదగా అడుగుతారు. నిజమే, నేనే. దాన్నే అడ్డం పెట్టుకుని ఒక మనిషిని ఆయన కుర్చీలోంచి లేపింది కూడా నేనే. ఆ రెండో సంగతి ఎవరూ అడగరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆయన మా మోటార్ల వైండింగు షాపులో ఉస్తాదు. కాలిపోయిన మోటారులోంచి పాత రాగితీగ ఊడదీసి, కొత్త తీగ చుట్టి, వార్నిషు పోసి ఆరబెట్టి మళ్లీ ప్రాణం పోసేవాడు. లక్సెట్టిపేట మనిషి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఫ్యాక్టరీలో అందరూ ఉస్తాద్ అనేవాళ్లు, మేనేజరు కూడా. తీగ చుట్టేటప్పుడు మాట్లాడించినా పలికేవాడు కాదు. చుట్ల లెక్క తప్పుతుందట. ఆ లెక్క పూర్తయ్యాక తలెత్తి, అప్పుడే వచ్చినట్టు, "ఆ సార్, చెప్పుండ్రి" అనేవాడు.

ఆయన దగ్గర అట్ట చినిగిన నోటుబుక్కు ఒకటుండేది. షాపుకు వచ్చిన ప్రతి మోటారు తయారీ నంబరు, ఏం చెడింది, ఏం చేశాడు అన్నీ అందులో ఉర్దూలో రాసుకునేవాడు. నేను కంప్యూటరు తెచ్చాక ఆ బుక్కును చూసి నవ్వేవాణ్ణి.

"ఇంక అది ఎందుకు ఉస్తాద్? అంత ఇందులనే ఉన్నది గదా" అన్నాను ఒకసారి స్క్రీను చూపించి.

"ఉండనియ్యి సార్. మీది కరెంటు పోతె బందయితది. నాది నేను పోతె బందయితది" అన్నాడు.

ఇప్పుడు కాస్త సాంకేతికం. రెండు ముక్కల్లో ముగిస్తాను. మా సాఫ్ట్‌వేరులో చోటు వేరు, వస్తువు వేరు. మూడో ఫ్యాను అనేది చోటు. అక్కడ ఇవాళ బిగించి ఉన్న మోటారు వస్తువు. మోటారు ఊడదీసినప్పుడల్లా ఇది పోయింది, అది వచ్చింది అని ఎక్కించాలి. అప్పుడే ఏ మోటారు ఎన్ని గంటలు నడిచిందో దాని ఖాతాలోనే పడుతుంది, దానికి గ్రీజు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు విప్పి చూడాలో కంప్యూటరు సరిగ్గా అడుగుతుంది. ఈ పాఠం నేనే కనీసం ఇరవై మందికి చెప్పి ఉంటాను. బోర్డు మీద బొమ్మ గీసి మరీ.

ఆ ఆరు మోటార్లు కిల్న్ వెనకాల ఉండే ఫ్యాన్లవి. కిల్న్ అంటే సున్నపురాయిని కాల్చే పెద్ద గొట్టం, నిదానంగా తిరుగుతుంటుంది. అందులోంచి ఎర్రగా కాలి పడే గడ్డలను నాలుగు ఫ్యాన్లు వరుసగా నిలబడి చల్లారుస్తాయి. ఒక్క ఫ్యాను ఆగినా కిల్న్ ఆపాలి. ఆపితే లోపలి ఇటుకలు చల్లబడి పగుళ్లిస్తాయి. అందుకే ఆ నాలుగు మోటార్లంటే మా అందరికీ భయం.

ఒక్కో మోటారు ఒంటి మీద దాని నంబరు తెల్లరంగుతో పెద్దగా రాసి ఉండేది. నేనే రాయించాను. మార్పులు జరిగీ జరిగీ ఆ ఏడు దసరా నాటికి ఫ్యాన్ల వరుసలో నాలుగు, ఒకటి, ఆరు, రెండు అని ఉన్నాయి. అంటే మూడో ఫ్యాను దగ్గర ఉన్నది ఆరో నంబరు మోటారు. అసలు మూడో నంబరును ఆ వానాకాలంలోనే ఉస్తాదు కొత్త తీగ చుట్టి ఇచ్చాడు. అది ఐదో నంబరుతో పాటు స్టోరులో ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

దసరాకు మా దగ్గర యంత్రాలన్నీ కడిగి రంగు వేయించడం ఆనవాయితీ. కొత్త రంగు మీద పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, మోటారుకు కూడా పూలదండ వేసేవాళ్లం. ఆ ఏడు పూజకు పైనుంచి పెద్దసార్లు వస్తారన్నారు. వారం ముందు మేనేజరు ఫ్యాన్ల దగ్గర నిలబడి నంబర్లు చదివాడు.

"నాలుగు, ఒకటి, ఆరు, రెండు. ఏందయ్యా ఇది, లాటరీ టికెట్టా? చూసెటోళ్లు ఏమనుకుంటరు?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. అవి అలా ఎందుకున్నాయో రెండు నిమిషాల్లో చెప్పవచ్చు. చెప్పలేదు. చెప్పకపోగా, "వరుసగ రాయిస్త సార్" అన్నాను.

పెయింటరు వచ్చాడు. పాత నంబర్లు కనబడకుండా బూడిదరంగు పూసి, వాటి మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అందంగా రాసుకుంటూ పోయాడు. స్టోరులో ఉన్న రెండింటికీ ఐదు, ఆరు అని వేశాడు. అతను మూడో ఫ్యాను దగ్గర బ్రష్షు పెట్టినప్పుడు ఉస్తాదు అటు వచ్చాడు.

"సార్, గిది ఆరు. దీనికి మూడని రాస్తుండు."

"పండుగ గదా ఉస్తాద్. వరుసగ ఉండనియ్యి."

"బస్సుకు బోర్డు మారిస్తె బస్సు మారుతదా సార్? జర ఆలోచన చేయుండ్రి."

"అన్నీ ఒక్కతీరు మోటార్లేనాయె. ఏది ఏడుంటే ఏంది?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. బోర్డు మీద బొమ్మలు గీసి పాఠం చెప్పిన నోట్లోంచే.

అక్కడితో ఆగినా బాగుండేది. పండుగ అయిన మర్నాడు కంప్యూటరు ముందు కూర్చుంటే మోటార్ల మీద ఒకటి, లోపల ఒకటి ఉన్నట్టు అనిపించింది. రెంటినీ కలపాలి కదా. లోపలున్నది నిజం, బయటున్నది రంగు. నేను రంగుకు తగ్గట్టు లోపలిది మార్చాను. మూడో చోట మూడో నంబరు అని ఎక్కించాను. ఆరో నంబరు స్టోరులో విశ్రాంతిగా ఉన్నట్టు రాశాను. అరగంట పని. స్క్రీను మీద ఒకటి నుంచి నాలుగు దాకా వరుసగా కనబడితే చేతికి మంచి పని చేసిన తృప్తి కూడా కలిగింది.

ఆ రోజు నుంచి, స్టోరులో పడుకుందని కంప్యూటరు నమ్మిన ఆరో నంబరు మోటారు మూడో ఫ్యాను దగ్గర రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంది. దాన్ని విప్పి చూడాల్సిన గడువు ఎప్పుడో వచ్చింది. కంప్యూటరు అడగలేదు. స్టోరులో ఉన్నదానికి గ్రీజు ఎందుకు?

ఎండలు ముదరకముందే అది కాలిపోయింది. పగటి షిఫ్టులో, అందరూ చూస్తుండగానే పొగ వచ్చింది. కిల్న్ ఆగింది. స్టోరులోంచి ఐదు అని రంగు వేసి ఉన్న మోటారు తెచ్చి బిగించారు గానీ, లోపల ఇటుకలు రాలడంతో ఫ్యాక్టరీ చాలా రోజులు నిలిచిపోయింది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఎవరి తప్పు అని అడుగుతున్నారు. ఎవరో ఒకరి పేరు చెప్పాలి.

మేనేజరు నన్ను పిలిచాడు. "మూడో నంబరు హిస్టరీ తీయి."

రెండు నిమిషాల్లో కాగితం చేతిలో పెట్టాను. మూడో నంబరు, వానాకాలంలో వైండింగు, చేసినవాడు ఉస్తాదు. ఏడాది కూడా నిండలేదు. అంత తొందరగా ఇచ్చానని ఆయన నా భుజం తట్టాడు. "చూసినవా, పాతకాలమైతే వారం తిరిగినా దొరకకపోవు" అన్నాడు.

కాగితంలో ఉన్నది చదివితే ఎవరికైనా ఒకటే తోస్తుంది. చుట్టింది సరిగ్గా చుట్టలేదు, లేదా నాసిరకం తీగ వాడాడు. ఉస్తాదుకు నోటీసు ఇచ్చారు. విచారణ అయ్యేదాకా షాపులో అడుగు పెట్టొద్దన్నారు. ఆయనకు అప్పటికి రెండేళ్ల సర్వీసు మిగిలి ఉంది. వైండింగు ఉస్తాదులు రిటైరయ్యాక బయట షాపు పెట్టుకుంటే ఫ్యాక్టరీ మోటార్లు వాళ్లకే పంపడం మా దగ్గర అలవాటు. ఆయన ముందున్నాయనకు అలాగే పంపారు. చెయ్యి మంచిది కాదని రాతలో పడితే కుర్చీ పోతుంది, ఆ తర్వాతి బతుకుదెరువూ పోతుంది. ఇది ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

విచారణకు ముందు రోజు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ నా టేబులు దగ్గరికి వచ్చాడు. కరీంనగర్ మనిషి, మొహమాటం ఎక్కువ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఉస్తాద్ గేటు కాడ కలిసిండు సార్. గది మూడు కాదు, ఆరు అంటుండు. దసరాకు రంగు మార్చిండ్రట. మీకే ఎరుక అంటుండు."

"నీకు యాదికి లేదా?"

"రంగు ఏసింది యాదికున్నది. ఏది ఏడ ఉండెనో ఏం చెప్పాలె సార్? మీ లెక్క మీదనే నడుస్తున్నం గదా మేము."

అతను వెళ్లాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. స్క్రాపు యార్డుకు నడిచాను. కాలిన మోటారు ఇనుప ముక్కల మధ్య ఒరిగి ఉంది. దాని ఒంటికి బిగించిన ఇత్తడి నంబరు ప్లేటు, దాని మీద ఏళ్ల తరబడి దసరాలకు పూసిన రంగు పొరలు. జేబులో స్కూటరు తాళంచెవి ఉంటే దానితో గీకాను. తయారీ నంబరు ఒక్కో అంకె బయటపడింది. చిన్న కాగితం మీద రాసుకుని సీటుకు వచ్చి కంప్యూటరులో చూశాను. ప్రతి మోటారు తయారీ నంబరు మొదట్లో నేనే ఎక్కించాను. అది ఆరో నంబరు మోటారుది.

ఉస్తాదు చుట్టిన మోటారు కిల్న్ ఆగిన రోజుదాకా ఒక్క గంట కూడా నడవలేదు. దసరాకు పెయింటరు దాని మీదే ఐదు అని రాశాడు. ఇప్పుడు దాన్నే తెచ్చి మూడో ఫ్యానుకు బిగించారు. ఆయన్ని షాపు బయట నిలబెట్టిన రోజుల్లో కిల్న్‌ను నడుపుతున్నది ఆయన చుట్టిన తీగే.

ఆ కాగితం ముక్కను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రేపు చెబుదామనే అనుకున్నాను. ఇది నేను ఇప్పుడు కల్పించుకుంటున్న మాట కాదు, నిజంగానే అనుకున్నాను.

విచారణ ట్రైనింగు హాలులో జరిగింది. మేనేజరు, పర్సనల్ ఆఫీసరు, ఫోర్‌మన్, నేను ఒక వైపు. ఎదురుగా ఉస్తాదు, ఇస్త్రీ చొక్కాలో. ఆయన ఒళ్లో ఆ నోటుబుక్కు ఉంది. గోడ మీద నేను పాఠం చెప్పే బోర్డు. దాని మీద ఎప్పటిదో సగం తుడిచిన బొమ్మ.

ఉస్తాదు తొందరపడకుండా చెప్పాడు. "సార్, నా చేతి మోటరు కాలలే. నేను చుట్టింది మూడు. కాలింది ఆరు. దసరాకు బోర్డులు మార్చిండ్రు. నా బుక్కుల రెండిటి నంబర్లు ఉన్నయి. ఒక్కసారి ఆ ప్లేటు గీకి చూడుండ్రి. నాది తప్పయితె నేనే లేసి పోత."

పర్సనల్ ఆఫీసరు బుక్కు తీసుకుని తిరగేశాడు. ఆయనకు ఉర్దూ రాదు. "ఇదెవలు చదవాలె?" అని పక్కన పెట్టాడు.

మేనేజరు నా వైపు తిరిగాడు. "నంబరు మీద ఏమన్న అనుమానమున్నదా? ఉంటే చెప్పు. యార్డుకు పోయి చూద్దాం."

ఇంతకంటే సులువుగా ఎవరు అడుగుతారు? తలుపు తెరిచి పట్టుకున్నట్టే అడిగాడు. కానీ ఆ నెలలోనే మా సాఫ్ట్‌వేరును చూడటానికి ఇంకో ఫ్యాక్టరీ నుంచి మనుషులు వస్తున్నారు. దాని గురించి మేనేజరు పైవాళ్లకు గొప్పగా రాశాడు. నా ప్రమోషను కాగితం కదులుతోంది. దసరా మర్నాడు అరగంటలో నేనేం చేశానో అందరి ముందు చెప్పాలి. జేబులో కాగితం ఉంది. నా నోరు ఇలా అంది:

"కంప్యూటర్ల అది మూడే సార్."

అబద్ధం కాదు. కంప్యూటరులో అది మూడే. అబద్ధమై ఉంటే ఎప్పుడో ఒకప్పుడు బయటపడి నన్ను వదిలేసేదేమో. ఆ వాక్యంలో ఒక్క అక్షరం తప్పు లేకపోబట్టే ఇన్నేళ్లు నాతో ఉండిపోయింది.

ఉస్తాదు నన్ను ఒక్కసారి చూశాడు. కోపం లేదు. తీగ చుట్టేటప్పుడు లెక్క తప్పితే మొహం పెడతాడే, అలా పెట్టాడు. కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాడు. వైండింగు నుంచి తీసేసి స్క్రాపు యార్డుకు వేశారు. ఉద్యోగం తీసేయలేదు, అది దయ అని చెప్పుకున్నారు.

ప్రమోషను వచ్చింది. పక్క ఫ్యాక్టరీవాళ్లు వచ్చి చూసి మెచ్చుకుని పోయారు. యార్డు గేటు నా ఆఫీసుకు దారిలోనే ఉండేది. రోజూ ఆ ముందు నుంచే స్కూటరు మీద పోయేవాణ్ణి. ఆయన రేకుల షెడ్డు కింద స్టూలు మీద కూర్చుని ఉండేవాడు. నేను రోడ్డు చూస్తూ పోయేవాణ్ణి. ఆయన రిటైరైన రోజు శాలువా కప్పే సభకు నేను సెలవు పెట్టాను. ఆయన షాపుకు ఫ్యాక్టరీ మోటారు ఒక్కటి కూడా పంపలేదు.

నేను దిగిపోయే ముందు నెల ధైర్యం వచ్చింది. ధైర్యం కూడా కాదు, పోయేవాడికి పోయేదేముంది అన్న తెగింపు. కంప్యూటరులో ఆ పాత ఎంట్రీ అయినా దిద్దుదామనుకున్నాను. అప్పటికి పాత సాఫ్ట్‌వేరు పోయి కొత్తది వచ్చింది. నా సీటుకు రాబోతున్న అమ్మాయి వెతికి చూసి, "మోటార్లు మాత్రమే తెచ్చిన్రు సార్, పాత హిస్టరీలు తేలే. ఏమన్న అవసరముండెనా?" అంది. ఏం లేదమ్మా అన్నాను. దిద్దుదామన్నా ఆ తప్పుకు చోటే మిగల్లేదు. యార్డు గేటు దాకా నడవలేని వాణ్ణి కంప్యూటరులో వెతుక్కుంటే ఏం దొరుకుతుంది?

ఆయన దగ్గరికి నేను నా అంతట నేను పోయానని చెప్పుకుంటే బాగుంటుంది. అది కూడా కాదు. రిటైరైన రెండో ఏడు మా బామ్మర్ది పొలంలో బోరు మోటారు కాలిపోయింది. వాళ్ల ఊరు లక్సెట్టిపేటకు దగ్గర. "బావా, ఆడ ఒక ముసలి ఉస్తాద్ ఉన్నడు. ఆయన చుడితె పదేండ్లు చూసుకోనక్కరలేదు" అన్నాడు. మోటారును ఆటోలో వేసుకుని ఇద్దరం పోయాం. ఆ ఉస్తాదు ఎవరో దారిలోనే నాకు తెలుసు. ఆటో దిగి పారిపోదామా అని కూడా అనిపించింది.

చిన్న షట్టరు షాపు. వార్నిషు వాసన. కళ్లద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి, చేతులు మాత్రం అప్పటివే. చుట్టడం ఆపలేదు. లెక్క అయ్యాక తలెత్తాడు.

"ఆ సార్, చెప్పుండ్రి. బాగున్నరా?"

బామ్మర్దిని చాయ్ చెప్పి రమ్మని పంపాను. నిలబడే చెప్పాను. దసరా మర్నాటి అరగంట, తాళంచెవి, జేబులో కాగితం, అన్నీ. అయిపోయాక తీగ ముక్క ఒకటి వేలికి చుట్టుకుంటూ అన్నాడు:

"నాకెరుకే సార్."

"ఏమెరుక?"

"యార్డుల మొదటి రోజు నా పని గదే. ఆ కాలిన మోటరును లారీ ఎక్కించుడు. ప్లేటు మీద కొత్త గీకుడు ఉండె. ఫిట్టరయితె ఉలి పెట్టి గీకుతడు, రేకు లేస్తది. గది సన్నగ ఉండె. తాళంచెవితోని గీకినట్టు. తాళంచెవితోని గీకెటోళ్లు ఆఫీసోళ్లే. నంబరు చదివిన. ఆరే. ఓహో, సార్ చూసిండు అనుకున్న."

"మరి ఎందుకు చెప్పలేదు ఉస్తాద్? లొల్లి చేయకపోయినవా?"

"సంతకం పెట్టినంక ఏం లొల్లి? చూసిన మనిషి ఊకుంటడా, వస్తడనుకున్న. ఇయ్యాల కాకపోతె రేపు. రోజు గా గేటు ముందలికెళ్లే పోతుంటిరి గదా." కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "రెండేండ్లు చూసిన. గంతె."

క్షమించమని అడగడానికి వచ్చానో లేదో కూడా మరిచిపోయాను. ఆయనే అడిగాడు.

"నా మోటరు ఎన్ని రోజులు నడిచింది సార్? ఐదని రాసింది?"

"నేను రిటైరయ్యేదాక విప్పలేదు. ఇంకా నడుస్తనే ఉన్నది."

తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

బామ్మర్ది చాయ్ పట్టుకుని వచ్చాడు. ఉస్తాదు మా బోరు మోటారును దగ్గరికి జరుపుకుని బల్ల మీద నోటుబుక్కు తెరిచాడు. అదే తీరు రాత. "నా పేరు రాసుకో ఉస్తాద్" అన్నాడు బామ్మర్ది.

"పేరుతోని ఏం పని పటేలా? ఒక్క పేరు మీద నాలుగు మోటర్లుంటయి. మోటరుకు దాని నంబరే రాయాలె" అని, సొరుగులోంచి ఎమరీ పేపరు ముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

"పట్టుండ్రి సార్. గిట్ల రుద్దాలె, తాళంచెవితోని కాదు. నా కండ్లకు కనబడ్తలేదు. జర మీరే సదువుండ్రి."

కింద కూర్చుని మోటారు ప్లేటు మీది మట్టి, తుప్పు పోయేదాకా రుద్దాను. అంకెలు తేలాయి. ఒక్కొక్కటీ పైకి, గట్టిగా చదివాను. ఆయన రాసుకున్నాడు.